డొంకదారి

గుంటూరు ప్రాంతంలో ఎవరు కొత్త వాహనం కొన్నా మొదట గుర్తుకు తెచ్చుకొనే ఊళ్ళలో మా పెదకాకాని ఒకటి. మల్లేశ్వరస్వామి ఆలయం ముందు పూజకై నిలిచిన లారీలు, కార్లు, ట్రాక్టర్లు, మోటారు సైకిళ్ళు, వాటి చక్రాల కింద నలగడానికి సిద్ధంగా ఉంచిన నిమ్మకాయలు, బంపర్లకు వేలాడే బంతిపూల దండలు మా ఊరివారికి నిత్యదృశ్యం. బాజీ బాబా దర్గాకు వచ్చే ఆటోలకు, వ్యాన్లకు కూడా కొదువ లేదు. ఊరిని ఆనుకొని పోయే జాతీయ రహదారిని మేము చిన్నతనంలో 'ఐదో నెంబరు రోడ్డు' అనేవారము. 2010లో జరిగిన మార్పుతో దాని సంఖ్య 16 అయినది. ఇప్పుడది ఆరు వరుసల మహామార్గం. కాజ టోల్‌గేటు దగ్గర ఒక పావుగంట నిలబడినవారికి ఈ దేశంలో ఎన్ని రకాల చక్రాలు ఉన్నవో తెలిసిపోతుంది.

ఇటువంటి ఊరిలో పుట్టి పెరిగినవాడు మోటారు చక్రం తిరుగని దారిని గూర్చి వ్యాసం వ్రాయబూనుట కొందరికి వింతగా తోచవచ్చును. కళాశాల వార్షిక సంచికలో తెలుగు అధ్యాపకుడు ప్రబంధ కవుల వర్ణనలను గూర్చి వ్రాయుట ఆనవాయితీ కూడా. ఈ ఏడు ఆ ఆనవాయితీని పక్కన పెట్టి, మా ఊరి వెనుక నుండి పొలాలలోకి పోయే డొంకను గూర్చి, దానిపై సైకిలు తొక్కుటను గూర్చి వ్రాస్తున్నాను. ప్రబంధాలు వచ్చే ఏటికి కూడా ఉంటవి. డొంక ఉంటుందని నాకు అంత ధైర్యం లేదు.

'డొంక' అన్న మాటకు మన భాషలో రెండర్థాలు. తీగ లాగితే డొంకంతా కదిలినదన్నప్పుడు అది పొద. మన గుంటూరు సీమలో మాత్రం డొంక అంటే బండ్లబాట. గోదావరి జిల్లాలవారు దానినే పుంత అంటారు. గుంటూరు నగరంలో మూడు వంతెనల వైపు పోయే డొంక రోడ్డును ఎరుగనివారు మన కళాశాలలో ఉండరు. అది ఒకనాడు ఏమై ఉండేదో ఆ పేరే చెబుతున్నది. సూటిగా చెప్పక చుట్టూ తిప్పి చెప్పే మాటను డొంకతిరుగుడు అంటాము కదా! ఈ బాటల నడక చూచినవారికి ఆ మాట విడమరచి చెప్పనక్కరలేదు. ఎవరి చేను గట్టునూ కోయక, ఏ బావినీ పూడ్చక, ప్రతి కమతాన్నీ పలకరించుకొంటూ వంకరలు పోవుట డొంక స్వభావం. రహదారిని దూరప్రాంతాల కోసం వేస్తారు. డొంక ఆ పొలాలకోసం ఆ పొలాల మధ్యనే పుట్టినది.

అనేకచోట్ల డొంక ఇరువైపుల చేలకంటె రెండు మూడడుగులు లోతున ఉంటుంది. ఎవరో తవ్వి చేసిన లోతు కాదది. ఇనుపపట్టా వేసిన బండిచక్రం వేసవిలో నల్లరేగడిని పిండి చేయును. తొలకరి వాన ఆ పిండిని కడిగి వాగులోకి చేర్చును. ఈ విధంగా ఎన్ని తరాల ఎద్దులు నడిచినవో అంత లోతు. ఆ పల్లపు బాటలో సైకిలుపై పోయేవానికి రెండు ప్రక్కల గట్లమీద తుమ్మలు, వేపలు, తాళ్ళు, జిల్లేళ్ళు మాత్రమే కనిపిస్తవి. మనుష్యుల మాటలు వినబడతవి గాని మనుష్యులు కనబడరు. ఎండాకాలం సాయంత్రాలు మిరప కల్లాల మీదుగా వచ్చే గాలి మొదట కంటికి, తరువాత గొంతుకు తెలుస్తుంది. ఎదురుగా వచ్చే మనిషీ మనమూ ఒకేసారి తుమ్ముకొని, నవ్వుకొని, దారి ఇచ్చిపుచ్చుకొన్న సందర్భాలు ఎన్నో. రహదారిపై ఎవరు ఎవరిని చూచి నవ్వగలరు?

మా నాన్నగారిని ఇంట్లో 'అబ్బా' అని పిలుస్తాము. ఆయనది సైకిల్ షాపు. నా బాల్యంలో గంటకు రెండు రూపాయల అద్దెకు పది పన్నెండు సైకిళ్ళు ఉండేవి. సీటు అందని వయస్సులో చట్రపు త్రిభుజంలోంచి కాలు దూర్చి తొక్కడం నేర్చినవాళ్ళందరికీ డొంకే బడి. పడితే మట్టి మీద పడతాము. మోకాలు చీరుకుపోవును గాని లారీ కింద పడము. అందుకే అబ్బా కొత్తగా నేర్చుకొనే పిల్లలకు సైకిలు అద్దెకిచ్చేటప్పుడు ఒకే షరతు పెట్టేవారు: "డొంకలోకే పోవాలి బేటా, రోడ్డెక్కితే రేపటినుంచి ఇవ్వను." ఈ షరతు ఎక్కడా వ్రాసి లేదు గాని ఊరిలో అందరికీ తెలుసు. తరువాత నేను నాగార్జున విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదివిన రెండేళ్ళూ వాన లేని రోజులలో పొలాల బాటలు, కాలువ గట్లు పట్టుకొని నంబూరు మీదుగా పోయేవాడిని. రహదారిపై పోతే దగ్గర. అయినా పాఠాన్ని నెమరు వేసికొనడానికి బాట అనుకూలం.

ఆ రోజులలో నాకు పరిచయమైన ఒక మిత్రుడు ఇప్పుడు జర్మనీలో మ్యూనిక్ నగరంలో ఉద్యోగం చేస్తున్నాడు. ఆయన ఒక వేసవిలో ఫోటోలు, దీర్ఘమైన ఉత్తరం పంపించాడు. ఆల్ప్స్ పర్వతాలలో బవేరియాకు, ఆస్ట్రియాలోని టిరోలు రాష్ట్రానికి మధ్య వ్యాపించిన కార్వెండెల్ అనే పర్వతశ్రేణిలో సైకిలుపై తిరిగి వచ్చాడట. మ్యూనిక్‌లో రైలెక్కి, సరిహద్దులోని షార్నిట్స్ అనే గ్రామంలో దిగి, అక్కడి నుండి లోయలోకి తొక్కుకొంటూ పోయాడు. షార్నిట్స్ సముద్రమట్టానికి 964 మీటర్ల ఎత్తున ఉన్నది. లోయ చివర, కొండ అంచున, యాత్రికులకై కట్టిన కార్వెండెల్ హౌస్ అనే వసతిగృహం 1,771 మీటర్ల ఎత్తున ఉన్నది. అంటే కొండవీటి కొండలవంటివి రెండింటిని ఒకదానిపై ఒకటి నిలిపినంత ఎగుడు తొక్కవలసి ఉన్నదన్నమాట. దారంతా కంకర, తారు లేదు. కలప తెచ్చుకొనేవారి బండ్లకు, మేతకు పశువులను తోలే రైతులకు తప్ప బయటివారి మోటారు వాహనాలకు ప్రవేశం లేదు. మ్యూనిక్ నగరం గుండా పారే ఈసార్ నది ఆ కొండలలోనే పుట్టినదట. "ఇక్కడ రెండు గంటలసేపు నా చైను చప్పుడు, ఆవుల మెడగంటలు తప్ప ఏమీ వినలేదు. నీకు ఇది చూపించాలని ఉన్నది," అని ముగించాడు.

ఆ ఉత్తరాన్ని, ఫోటోలను అబ్బాకు చూపించాను. ఆయన కొండలను చూడలేదు. సైకిలును చూచారు. ఇటువంటి దారులకోసం ప్రత్యేకంగా తయారయ్యే వాటిని అక్కడివారు గ్రావెల్ సైకిళ్ళు అంటారు. హ్యాండిలు కిందికి వంగి ఉంటుంది, గేర్లు ఉంటవి, డిస్కు బ్రేకులు ఉంటవి, టైరు మాత్రం పందెపు సైకిలు టైరువలె సన్నగా ఉండదు. ఫోటోలోని టైరు గోడపై వెడల్పు 40 మిల్లీమీటర్లని అచ్చువేసి ఉన్నది. అబ్బా కళ్ళజోడు సవరించుకొని, గోడకు వేలాడుతున్న మామూలు టైరును దించి, దానిపై వ్రాసిన 28 x 1½ అన్న అంకెను చూపించారు. ఒకటిన్నర అంగుళమంటే 38 మిల్లీమీటర్ల పైమాట. మన పాతకాలపు నల్ల సైకిలు టైరును ఆ దేశపు కొలతలలో 40 అనే లెక్కకడతారు. "ఇది మనవాళ్ళు డెబ్బై ఏళ్ళనుంచి వాడుతున్న సైజే కదా, వాళ్ళకు ఇప్పుడు తెలిసిందా?" అన్నారు. ఆ దేశపు సైకిలు ధర ఎంతో నేను చెప్పలేదు. పెద్దవయస్సువారికి కొన్ని విషయాలు నెమ్మదిగా చెప్పవలెను.

అబ్బా మాటలో హాస్యమున్నా చరిత్ర కూడా ఉన్నది. సైకిలు తారురోడ్డు కోసం పుట్టిన యంత్రం కాదు. 1817లో జర్మనీలోని మాన్‌హైమ్ నగరంలో కార్ల్ ఫాన్ డ్రాయిస్ తన రెండు చక్రాల బండిని కాళ్ళతో నేలను తన్నుకొంటూ నడిపినప్పుడు తారురోడ్లు లేవు. 1888లో డన్‌లప్ గాలి నింపిన టైరుకు పేటెంటు పొందినది ఎగుడుదిగుడు బాటల కుదుపు తట్టుకొనడానికే. టూర్ ద ఫ్రాన్స్ పందెం 1911లో మొదటిసారి ఆల్ప్స్‌లోని గాలిబియే కనుమను ఎక్కినది. రెండున్నర వేల మీటర్లకు పైబడిన ఆ కనుమ మీద ఆనాడు ఉన్నది మట్టి, రాళ్ళు, మంచు కరిగిన బురద. ఆ పందెంలో గేర్లు మార్చే పరికరాన్ని 1937 వరకు అనుమతించలేదు. మన హెర్క్యులస్, అట్లాస్ సైకిళ్ళను చూచి నవ్వేవారు, ఆ వీరులు తొక్కినవి కూడా ఈ జాతివేనని తెలిసికొనుట మంచిది.

మరి తారురోడ్లు ఎవరు అడిగారు? ఇందులో ఒక చమత్కారమున్నది. అమెరికాలో మంచి రోడ్లు కావాలని మొట్టమొదట గట్టిగా ఉద్యమించినవారిలో సైకిలు తొక్కేవారు ముఖ్యులు. 1880లో ఏర్పడిన వారి సంఘం ఊరూరా ఆ ప్రచారం చేసినది. రోడ్లు నున్నబడినవి, ఆ నునుపు మీదికి మోటారు కార్లు వచ్చినవి, సైకిలువాడు అంచుకు జరిగినాడు, తరువాత అంచు కూడా పోయినది. ఇప్పుడు వారి సంతతివారు మోటారు లేని కంకరదారిని వెదకుకొంటూ కొండలెక్కుతున్నారు. ఇటలీలోని టస్కనీ ప్రాంతంలో పాత తెల్లదారులను తారు కింద పూడ్చివేయకుండా కాపాడాలని కొందరు 1997లో పాతకాలపు సైకిళ్ళతో ఒక యాత్ర ప్రారంభించారు. దాని పేరు లెరోయికా. అది ఏటేటా జరిగే ఉత్సవమై, ఆ దారులకు రక్షణ తెచ్చినది. అక్కడివారు మంచిదారి లేక కంకరపై తొక్కుట లేదు. తారు ఎంతైనా వేయగలిగినవారే కంకరను నిలుపుకొంటున్నారు.

మిత్రుని ఉత్తరంలో ఒక వాక్యం నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది. ఆస్ట్రియాలో అటవీ మార్గాలన్నింటిపై సైకిలు తొక్కే హక్కు లేదట. చూడగా నిజమే. 1975 నాటి వారి అటవీ చట్టం ప్రకారం ఆహ్లాదం కోసం ఎవరైనా అడవిలో నడువవచ్చును. వాహనమెక్కి పోవాలంటే మాత్రం, అది సైకిలైనా, ఆ మార్గం యజమాని అనుమతి కావలెను. అందువలన టిరోలు ప్రభుత్వం భూయజమానులతో ఒప్పందాలు చేసికొని, ఫలానా దారులని గుర్తించి, సైకిళ్ళకు తెరిపించినది. అంత అందమైన దారిలో పోయే మనిషి వెనుక అంత కాగితం నడిచినదన్నమాట.

మన డొంకకు ఆ చిక్కు లేదు. గ్రామపటంలో రెండు గీతల మధ్య అది డొంక పోరంబోకు. ఎవరి పట్టాలోనూ లేదు, కనుక అందరిదీ. పెద్ద డొంకల వెడల్పు 33 అడుగులని మా ఊరి పెద్దలు కంఠతా చెబుతారు. ఆ అంకె ఎక్కడిదని చాలాకాలం ఆశ్చర్యపడేవాడిని. సర్వే గొలుసు పొడవు 66 అడుగులు, 100 లింకులు. అందులో సగం 33. రెండు బండ్లు ఎదురైతే మేతమోపులు రాచుకొనకుండా తప్పుకొనే వెడల్పు. టిరోలువారు యజమానులను ఒప్పించి సంపాదించుకొన్నది మనకు తాతలనుండి ఉచితంగా వచ్చినది. ఉచితంగా వచ్చిన దానిని కాపలా కాచేవాడు ఎద్దుబండి రైతు ఒక్కడే. బండి పోయినది. ట్రాక్టరు ఒకటి రెండు దారులు ఎంచుకొని మిగిలిన వాటిని వదిలివేసినది. వదిలిన డొంకలోకి మొదట సర్కారు తుమ్మ వచ్చును. తరువాత పక్క చేను గట్టు ఏడాదికొక మూర చొప్పున జరుగును. అటు తరువాత వచ్చేవారి చేతిలో రంగుల పటం ఉండును.

ఇంతవరకు చెప్పినది చదివి, కాలక్షేపానికి సైకిలు తొక్కే ఉద్యోగి కొరతలివి అని ఎవరైనా అనవచ్చును. అందుకే మన కళాశాల విద్యార్థిని ఒకరి విషయం ఇక్కడ చెప్పవలసి ఉన్నది. ఆమె పేరు వ్రాయను. తోటివారు గుర్తుపడితే నా దోషం కాదు.

2022లో ఆమె బి.కాం.లో చేరినది. వాళ్ళ ఊరు కాలువకు అవతల. తండ్రి మిర్చి యార్డులో టిక్కీలు మోసే ముఠా కూలీ. చేరిన నెలరోజులకే రావడం మానివేసినది. కారణం తెలిసికొందామని నేనూ, వాణిజ్యశాస్త్ర అధ్యాపకులు ఒకరూ వాళ్ళింటికి వెళ్ళాము. ఫీజు చిక్కు కాదు, పెళ్ళి మాట కూడా కాదు. ఆటోకు రోజూ ఇచ్చుకోలేరు, సైకిలు ఉన్నది, 'బడికొస్తా' పథకం కింద తొమ్మిదవ తరగతిలో ప్రభుత్వం ఇచ్చినది. కాని రహదారి దాటవలెను. "సార్, బడి ఊళ్ళోనే కాబట్టి పంపాను. ఆ రోడ్డు మీద పిల్లను సైకిలిచ్చి పంపితే, ఇంటికొచ్చిందన్న కబురు తెలిసిందాకా నాకు టిక్కీ భుజాన నిలవదు," అన్నాడు ఆమె తండ్రి. ఆ మాటకు మావద్ద జవాబు లేదు. ఆరు వరుసల దారి అంచున, ఎదురు దిక్కులో వచ్చే మోటారు సైకిళ్ళ మధ్య, పుస్తకాల సంచితో సైకిలు తొక్కే పద్ధెనిమిదేళ్ళ అమ్మాయిని ఊహించుకొనుట ఆయనకే కాదు, మాకూ కష్టంగానే ఉన్నది.

దారి చూపించినది ఆమె నాయనమ్మ. మంచంమీద కూర్చుని అంతా విన్న ఆ పెద్దావిడ, "డొంకన పోతే కాలవ కట్టెక్కుద్ది, కట్టమీద పోతే రోడ్డు కిందనుంచి తూము ఉంది గదా బాబూ, మేం కలుపులకి ఆ తూములోనుంచే పోయేవాళ్ళం," అన్నది. మరుసటి ఆదివారం నేను, ఆమె తండ్రి, ఇద్దరు విద్యార్థులు సైకిళ్ళపై ఆ దారి చూచాము. కృష్ణ నీటిని ప్రకాశం బ్యారేజీ నుండి మా వైపు తెచ్చే గుంటూరు ఛానల్‌కు, దాని పిల్లకాలువలకు గట్లున్నవి. వాటిపై ఎర్రకంకర ఎప్పుడో పోసినది గట్టిపడి ఉన్నది. డొంకలో ఒకచోట సర్కారు తుమ్మ కొట్టించవలసి వచ్చినది. తూములో తల వంచి సైకిలును నడిపించుకొని పోవలెను. రహదారి మీద మూడు కిలోమీటర్లయ్యేది ఈ దారిన అయిదున్నర. ఆమె మరుసటి వారమే తిరిగి తరగతికి వచ్చినది. 2025లో బి.కాం. పూర్తిచేసినది. ఆ సైకిలే ఇప్పుడు ఆమె చెల్లెలు తొక్కుతున్నది.

మూడేళ్ళలో ఆ దారిన వచ్చేవారు ఒకరి నుండి పదకొండు మంది అయ్యారు. అందులో ఏడుగురు ఆడపిల్లలు. ఎవరూ సభ పెట్టలేదు, బ్యానరు కట్టలేదు. ఒకరి ఇంటివారు మరొకరి ఇంటివారికి చెప్పుకొన్నారు, అంతే. తమిళనాడులోని పుదుక్కోట జిల్లాలో 1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమంతోపాటు వేలాది గ్రామీణ స్త్రీలు సైకిలు నేర్చుకొన్న ఉదంతాన్ని నేను తరగతిలో చెబుతుంటాను. అక్కడ కలెక్టరు, ఉద్యమం, పాటలు ఉన్నవి. ఇక్కడ ఒక నాయనమ్మ జ్ఞాపకం ఉన్నది. రెండూ పనిచేసినవి.

ఈ దారికి ఉన్న పెద్ద శత్రువు వాన. నల్లరేగడి స్వభావం ఈ ప్రాంతపు రైతుబిడ్డలకు చెప్పనక్కరలేదు. ఎండితే నెర్రెలు విచ్చి, సైకిలు ముందు చక్రాన్ని పళ్ళతో పట్టుకొన్నట్లు పట్టుకొనును. తడిస్తే ఉబ్బి, జిగురై, టైరుకు చుట్టుకొని, మడ్‌గార్డులో కూరుకొని చక్రాన్నే ఆపివేయును. అటువంటప్పుడు సైకిలు మనలను మోయదు; మనమే సైకిలును మోయవలెను. కార్వెండెల్ కొండలు సున్నపురాతివి. అక్కడి కంకర నీటిని నిలవనీయదు; వాన వెలిసిన గంటకు తొక్కవచ్చునని మిత్రుడు వ్రాసినాడు. మన నేల పత్తిని, మిరపను పెంచే గుణం ఏదైతే ఉన్నదో, నీటిని పట్టి ఉంచే ఆ గుణమే బాటకు శత్రువైనది. నేలను తిట్టి లాభం లేదు. అదే మనకు అన్నం పెట్టుచున్నది.

ఈ కారణాన ఆ పదకొండుమందీ జూలై నుండి నవంబరు వరకు వారానికి రెండు మూడు రోజులు తరగతులు పోగొట్టుకొంటున్నారు. హాజరుపట్టీ చూచినవారికి అది బద్ధకంగా కనిపించును. దిగబడే మేర మొత్తం డొంకలో 300 మీటర్లే. గణితశాస్త్ర అధ్యాపకులతో కూర్చుని లెక్క చూచాను. మూడు మీటర్ల వెడల్పున, అరడుగు మందాన కంకర పోస్తే 135 ఘనపు మీటర్లు. రోలరుతో తొక్కించితే అణగును గనుక నాలుగోవంతు కలిపి సుమారు 170 ఘనపు మీటర్లు. పది ఘనపు మీటర్లు పట్టే టిప్పర్లు 17. కంకర ఒక్కటే పోస్తే రెండు వానలకు రేగడి మింగివేయును. కింద ఇసుక పొర, నడుమ ఎత్తుగా ఇరువైపులకు వాలు, ప్రక్కన నీరు పోయే కాలువ ఉండవలెను. సిమెంటు వద్దు, తారు వద్దు. అవి వేసిన మరునాటి నుండి ఇది లారీలకు అడ్డదారి అగును. ఈ అభిప్రాయానికి మన అధ్యాపకులలోనే అంగీకరించనివారున్నారు, "వేస్తే మంచి రోడ్డే వేయించండి, ఇంకా కంకర ఏమిటి?" అంటారు. వారితో నాకు స్నేహమే గాని, ఈ విషయంలో రాజీ లేదు.

వానకంటె పెద్ద చిక్కు 2024లో వచ్చినది. రాజధాని ప్రాంతం ప్రకటించిన 2014 నుండి మా మండలంలో భూముల ధరలు ఎక్కడికో పోయినవి. డొంక పక్కన ఇళ్ళస్థలాల వెంచరు ఒకటి వేశారు. దాని ప్రహరీ కొన్నిచోట్ల డొంకలోకి దిగినది. ఊరివారు అడిగితే, "ఎవరూ నడవని దారి, అడివైపోయింది, మేమే బాగుచేస్తున్నాం," అన్నారు అక్కడి మనుష్యులు. ఆ మాట నిజమై ఉంటే ఏమి చేయగలిగేవారమో తెలియదు. ఆ సమయానికి మన పిల్లలు ఇద్దరు అటుగా సైకిళ్ళపై వచ్చి, గోడ పక్కనుండి బెల్లు కొట్టుకొంటూ పోయినారు. ఎవరూ ఏమీ అనలేదు. పిల్లల వెనుకనే రేగిన దుమ్ము కాసేపు అక్కడ నిలిచి ఉన్నది.

ఊరివారి అర్జీమీద 2025లో మండల సర్వేయరు వచ్చి కొలిచారు. గొలుసు రోజులు పోయినవి. మూడుకాళ్ళ కర్రమీద యంత్రాన్ని నిలిపి, ఉపగ్రహాల సాయంతో కొలిచారు. పటంలో 33 అడుగులున్నచోట నేలమీద 21 తేలినవి. సైకిలుకు 21 అడుగులు కావలసినదానికంటె ఎక్కువేనని ఒకరు సర్దిచెప్పబోయారు. అబ్బా కూడా ఆ రోజు వచ్చి ఉన్నారు. "సైకిలుకు అరడుగు చాలు సాబ్. కాని అరడుగు దారిని ఎవరు దారంటారు?" అన్నారు. హద్దురాళ్ళు పాతుతామని అధికారులు మాట ఇచ్చారు. తేదీ ఇంకను రాలేదు.

కళాశాల కమిటీ పెద్దలకు ఈ వ్యాసం ద్వారా రెండు విన్నపాలు చేసికొంటున్నాను. ఆ 300 మీటర్ల కంకరకు పంచాయతీని అడిగే ఉత్తరంలో కళాశాల పేరు కూడా ఉండనివ్వవలెను. వానల నెలలలో ఆ పదకొండుమంది హాజరును గూర్చి నిర్ణయించేటప్పుడు, వారు వచ్చే దారిని ఒకసారి కళ్ళారా చూడవలెను. కారు రాదు; నాలుగు అడుగులు నడువవలసి ఉండును.

విద్యార్థి మిత్రులకు ఒక మాట. వేసవి సెలవులలో ఆ దారిన వచ్చేవారు ఉండరు. రెండు నెలలు చక్రం తిరుగకపోతే 'ఎవరూ నడవని దారి' అన్న మాటకు మళ్ళీ బలం వచ్చును. అందువలన సెలవులలో ప్రతి ఆదివారం ఉదయం ఆరు గంటలకు కాలువ వంతెన దగ్గర కలిసికొని, డొంకల మీదుగా ఉప్పలపాడు చెరువు వరకు పోయి రావాలని అనుకొన్నాము. అక్కడి గూడబాతులను, ఎర్రకాళ్ళ కొంగలను చూడడానికి ఎక్కడెక్కడివారో వస్తారు. మన మండలంలోనివారమై చూడనివారు తరగతికి సగంమంది ఉన్నారు. గేర్ల సైకిలు అవసరం లేదు. ఇంట్లో మూలనపడిన పాత సైకిలు ఉంటే శనివారం సాయంత్రానికి మా షాపు వద్దకు తెస్తే, చక్రం వంకర తీసి, చైనుకు నూనె వేసి ఇస్తానని అబ్బా అన్నారు. పంక్చరుకు మాత్రం డబ్బు తీసికొంటారట.